కింద కోసేసిన రెండు వాక్యాలు

ఫిబ్రవరిలో గుంటూరు వెళ్తున్నానని చెబితే మా స్టాఫ్ రూములో ఒక్కరూ మంచిమాట అనలేదు. లెక్కల మాస్టారు "అక్కడ మంచినీళ్ళలో కూడా కారం కలుపుతారటండి" అన్నారు. హెడ్‌మిస్ట్రెస్ గారు సెలవు కాగితం మీద సంతకం పెడుతూ, "తిరుపతికి సెలవడిగినవాళ్ళని చూశాను, కాశీకి అడిగినవాళ్ళని చూశాను. గోడలకి అంటించే పేపరు చూడ్డానికి అడిగినదానివి నువ్వొక్కదానివే" అన్నారు. సంతకం మాత్రం పెట్టారు.

నేను విజయనగరంలో తెలుగు పండితురాలిని. ఇరవై ఏళ్ళుగా ఆడపిల్లలకి వ్యాసాలు రాయడం నేర్పుతున్నాను. ఉపోద్ఘాతం, విషయం, ఉపసంహారం. ట్రైనింగ్ కాలేజీలో నా గదిలో ఉండే సరస్వతి నాలాగే టీచరు ఉద్యోగంలో చేరి, మధ్యలో దాన్ని వదిలేసి, గుంటూరు పక్కన నల్లపాడులో విరాళాల మీద నడిచే ఒక చిన్న సంస్థలో చేరింది. పల్లెటూళ్ళలో చదువుకున్న కుర్రాళ్ళకీ అమ్మాయిలకీ వార్తలు రాయడం నేర్పి, వాళ్ళు రాసినవి ఒక కాగితం మీద అచ్చేసి, ఆ ఊళ్ళ గోడలకే అంటించడం వాళ్ళ పని. "ఏమే, నీ ఉపసంహారాలు చాలు గానీ, ఒకసారి వచ్చి మా వార్తలు చూడు" అని ఏటా ఉత్తరం రాసేది. అయిదేళ్ళు తప్పించుకుని ఆరో ఏడు వెళ్ళాను.

అయిదు రోజులు తిరిగొచ్చాక అందరూ ఏం చూశావని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను. సంస్థ పేరూ, నేను ఆఖరికి చేరిన ఊరి పేరూ రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

తాడేపల్లి

రైలు కృష్ణ వంతెన ఎక్కగానే పెట్టెలో ఉన్నవాళ్ళంతా లేచి నదిలోకి నాణేలు విసిరారు. మా నాగావళి మీద కూడా విసురుతారు గానీ, ఇంత గురి చూసి విసరరు. వంతెన దాటగానే తాడేపల్లి. అక్కడ నా వయసు ఆవిడే ఒకావిడ క్యారియరుతో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. కూర్చున్న రెండు నిమిషాలకే నా ఊరు, ఉద్యోగం, పిల్లలెందరు అన్నీ అడిగేసింది. మా వైపు ఇవన్నీ అడగడానికి ఒక పూట తీసుకుంటాం.

"విజయనగరమా. మీరు అన్నంలో బెల్లం వేసుకుంటారంట గదండీ" అంది.

"పులుసులో వేసుకుంటాం. అన్నంలో వేసుకోం."

"అయితే ఇది తినండి" అని ఇడ్లీ మీద పండుమిరపకాయల పచ్చడి వేసి చేతికిచ్చింది. వద్దనడానికి నోరు తెరిచాను, అదే పొరపాటయింది. మొదటి ముద్దకే కళ్ళలో నీళ్ళు, చెవుల్లో హోరు. ఆవిడ మాత్రం పాపం చల్లగా, "అలవాటైపోద్ది లెండి" అంటూ మరచెంబు అందించింది.

నేనెక్కడికి వెళ్తున్నానో చెప్పేసరికి ఆవిడ మొహం మారింది. "ఆ గోడ పేపరు వాళ్ళ దగ్గరికా. దర్శి దగ్గర మా మరిది గారి ఊళ్ళోనూ అంటిస్తారండీ. మొన్న ఎవరో పెద్దాయన్ని, పాపం, మందు నీళ్ళు బావిలో కలిపాడని రాశారంట. ఆయన వీధిలోకి రావడం మానేశాడంట. చదువుకున్నవాళ్ళు చేసే పనేనా అది?"

నాకేం తెలియదన్నాను. గుంటూరు దాకా ఆవిడ ఇంకేం పెట్టలేదు, ఇంకేం అడగలేదు.

నల్లపాడు

స్టేషనుకి దగ్గరలో పెంకుటిల్లు. ముందు గదిలో చాపలు, వెనక గదిలో చేత్తో తిప్పే సైక్లోస్టైల్ మిషను. ఇల్లంతా సిరా వాసన, దానిమీద ఊరంతా పరుచుకున్న మిరపకాయల ఘాటు. లోపల అడుగుపెట్టగానే వరసగా ఏడు తుమ్ములు తుమ్మాను. సరస్వతి వాకిట్లో నిలబడి లెక్కపెట్టింది. జుట్టు సగం నెరిసింది, నోరు మాత్రం కాలేజీలో ఎలా ఉండేదో అలాగే ఉంది.

సంస్థ అంటే ఏ పాతికమందో ఉంటారనుకున్నాను. జీతం తీసుకునేవాళ్ళు ఇద్దరే. ఒకరు సరస్వతి. రెండోవారు కోటయ్య గారు. అరవై దగ్గరపడ్డ మనిషి. గుంటూరులో ఒక ప్రెస్సులో నలభై ఏళ్ళు సీసం అక్షరాలు పేర్చి, అది మూతపడ్డాక ఇక్కడికి వచ్చారు. మైనం పూసిన కాగితం మీద ఇనప కలంతో గీసి రాయడం ఆయన పని. ఆ గీసిన కాగితాన్ని మిషనుకి తగిలించి తిప్పితే కాపీలు వస్తాయి. ఆయన చేతిరాత చూసి అచ్చు అనుకున్నాను. ఆ మాటే అంటే, "అచ్చేనండి. చెయ్యి మారింది, అంతే" అన్నారు. అంతకన్నా ఎక్కువ మాట్లాడరు.

మిగతావాళ్ళంతా ఊళ్ళలో ఉండి రాసేవాళ్ళు. పదహారు నుంచి పాతికేళ్ళ లోపు పిల్లలు. నెలకి రెండుసార్లు వచ్చి చాపల మీద కూర్చుని, రాసింది పైకి చదువుతారు. నేను వెళ్ళిన మర్నాడే ఆ చదివే రోజు. ఒకబ్బాయి తమ ఊళ్ళో బస్సు ఆగడం లేదని రాస్తూ 'అత్యంత దారుణమైన' అన్నాడు. "బస్సు ఆగకపోవడం దారుణమైతే, రేపు బస్సు బోల్తాపడితే ఏం రాస్తావురా?" అంది సరస్వతి. వాడు నవ్వుతూ కొట్టేశాడు. నేను మా పిల్లలకి అలాంటి విశేషణాలు రాస్తే మార్కులు కలుపుతాను.

వాళ్ళ మొదటి పాఠం గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది: ముఖ్యమైనది ముందు రాయి. జాగా చాలకపోతే కిందనుంచి కోస్తారు కాబట్టి, పోయినా ఫరవాలేనిది కింద ఉండాలట. నేను ఇరవై ఏళ్ళుగా దీనికి సరిగ్గా తలకిందులు చెబుతున్నాను. అసలు మాట ఉపసంహారంలో మెరవాలి అంటాను.

ఆఖరున ఒకమ్మాయి లేచింది. పేరు రత్నం. ఇరవై ఏళ్ళుంటాయి. రెండు జడలు, వాటికి చేమంతులు, గట్టి గొంతు. ఆరోజు ఆ గొంతు కొంచెం ఆగి ఆగి వచ్చింది. "నేను చదవడానికి ఏమీ రాయలేదక్కా. సవరణే చదువుతాను" అంది.

తాడేపల్లి ఆవిడ చెప్పిన సంగతి ఇదే. రత్నం వాళ్ళ ఊళ్ళో పత్తికి మందు కొట్టిన స్ప్రేయర్లని ఎవరో మంచినీళ్ళ బావి గట్టు మీద కడిగారు. ఆ నీళ్ళు బావిలోకి దిగాయి. ఇద్దరు పిల్లలకి వాంతులయ్యాయి, ఒక గేదె పడిపోయి మళ్ళీ లేచింది. ఎవరి ప్రాణం పోలేదు. ఆ వారమంతా రత్నం ఇక్కడే శిక్షణలో ఉంది. ఊరికి తిరిగి వెళ్ళాక నలుగురినీ అడిగి వార్త రాసి పంపింది. కాగితంలో అది ఇలా ముగిసింది: 'ఆ స్ప్రేయర్లు వీరరాఘవయ్య గారివి.'

అంతే. కాగితం అక్కడికి అయిపోయింది.

రత్నం చేత్తో రాసిన అసలు కాగితం సరస్వతి నా చేతికిచ్చింది. దాంట్లో ఇంకా రెండు వాక్యాలున్నాయి. 'కానీ ఆ రోజు వాటిని ఎవరో అరువు తీసుకెళ్ళారు, కడిగింది ఆయన మనుషులు కాదు. సంగతి తెలియగానే ఆయన తన ఇంజను పెట్టి మూడు రోజులు బావి నీళ్ళు తోడించారు.'

"మరి ఇవేమయ్యాయి?" అన్నాను.

"జాగా లేదు. కోటయ్య గారు కోశారు. నేను సరే అన్నాను" అంది సరస్వతి.

కోటయ్య గారు తలెత్తకుండానే, "కింద నుంచే కోస్తారండి. నలభై ఏళ్ళుగా అదే పద్ధతి. ఆఖరి వాక్యాల్లో ఎప్పుడూ పొగడ్తలే ఉంటాయి" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఎవరో కోస్తే ఈ పిల్ల క్షమాపణ చదవడమేమిటని అడిగాను. వాళ్ళ నియమం అదేనట. తప్పు ఎవరి వార్తలో పడితే వాళ్ళే ఆ ఊరు వెళ్ళి, పాత కాగితం అంటించిన గోడ దగ్గర నిలబడి, జనం ముందు సవరణ చదవాలి. తోడు సంస్థ వాళ్ళు వెళ్ళాలి.

"తప్పు నాదే టీచర్ గారూ" అంది రత్నం. "ముఖ్యమైంది ముందు రాయాలని నాకు తెలుసు. మంచిమాట ఆఖర్న ఉంటే బాగుంటుందనిపించింది. భోజనంలో మజ్జిగ ఆఖర్నే కదండీ వస్తది."

ఆ మజ్జిగ పాఠం చెప్పే పంతులమ్మని నేనే.

వీరరాఘవయ్య గారు రత్నానికి వరసకి పెదనాన్న, వాళ్ళ ఎదురిల్లు. కాగితం అంటించాక పాలకేంద్రంలో ఆయన పాలు పక్కన పెట్టించారట. ఆయన ఇంజను పెట్టి బావి తోడించిన సంగతి ఊరందరికీ తెలుసు. కానీ కాగితం చదివాక, తప్పు చేశాడు కాబట్టే తోడించాడన్నారు. వార్త రాసేముందు స్ప్రేయర్లు ఎవరికిచ్చావని రత్నం అడిగితే ఆయన, "ఇచ్చింది నేను. పుచ్చుకున్నవాళ్ళని బజార్న పెట్టను" అన్నాడట. ఇప్పుడసలు మాటే లేదు. రత్నం తండ్రి ఆదినారాయణ గారు కూడా తేల్చి చెప్పేశాడట: ఆ సవరణేదో చదివెయ్, ఆ తర్వాత కలం ముట్టుకోవద్దు. అంటే ఆ అమ్మాయికి అదే ఆఖరి చదువు.

"అందుకే నువ్వూ రా" అంది సరస్వతి. "ఓ పెద్దదిక్కులా ఉంటావు." నాకూ దానికీ ఒకటే వయసు.

చిలకలూరిపేట

మర్నాడు పొద్దున్నే గుంటూరు బస్టాండుకి వెళ్ళేసరికి అక్కడ కోటయ్య గారు క్యారియరు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, జేబులో మడతపెట్టిన కాగితం. సరస్వతి ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ళలో ఆయన ఏ ఊరికీ రాలేదట. "ఆదివారం కదా, పనేం లేదు" అన్నారు. ఆవేళ గురువారం. ఎవరం సరిచెయ్యలేదు.

బస్సులో సగం జనం, సగం మిరపకాయల బస్తాలు. కిటికీ పక్కన సీటు దొరికిందని సంతోషపడ్డాను గానీ, ఆ సీటు కింద రెండు బస్తాలున్నాయి. కాళ్ళు పెట్టుకోవడానికి లేదు, ఊపిరి తీసుకోవడానికి లేదు. నా వెనక కూర్చున్న రైతు ఒకాయన, "ఏమ్మా, జలుబా?" అని జాలిగా అడిగాడు. ఆ బస్తాలు ఆయనవే.

చిలకలూరిపేటలో బస్సు పావుగంట ఆగింది. టీ అర్ధరూపాయి, మిరపకాయ బజ్జీలు రూపాయికి నాలుగు. మా ఊళ్ళో బజ్జీ మిరపకాయలు చీల్చి గింజలు తీసి వాము కూరి వేస్తారు. ఇక్కడ గింజలు తీయకపోగా పైన మళ్ళీ కారప్పొడి చల్లుతున్నారు. బజ్జీల బండి ఆయన్ని అదేమిటని అడిగితే, "చల్లకపోతే చప్పగా ఉన్నాయంటారండీ" అన్నాడు. ఒకటి తిన్నాను. రెండోది రత్నానికిచ్చేశాను. ఆ పిల్ల ఆ రోజు మొత్తం తిన్నది అదొక్కటే.

అద్దంకి దారిలో

అద్దంకి ఇంకా కొంత దూరం ఉందనగా టైరు పంచరైంది. అందరం దిగాం. రోడ్డుకి ఒకపక్క నల్లరేగడిలో ఏరేసిన పత్తి కట్టె ఎండి నిలబడి ఉంది. రెండో పక్క మిరపకాయల కల్లం. ఎర్రదనం అంటే ఏమిటో నేను ఆ రోజే చూశాను. కళ్ళకి పట్టినంత మేర ఎండుతున్న మిరపకాయలు, వాటి మధ్య వంగి తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు. రంగు పోయి తెల్లబడ్డ కాయని తాలు అంటారు. అది ఒక్కటి బస్తాలో కనబడినా మంచి కాయకి కూడా ధర తగ్గించేస్తారట.

"చేతులు మండవా?" అని అడిగాను ఒక ముసలావిడని.

"చిన్నప్పుడు మండేయమ్మా. ఇప్పుడు మండకపోతే పని చేసినట్టుండదు" అంది. అందరూ నవ్వారు. నేను ఒక కాయ తీసుకుని వేళ్ళతో నలిపి వాసన చూశాను. మంచి ఘాటు. ఆ తర్వాత చెమట పట్టిందని అవే వేళ్ళతో కన్ను తుడుచుకున్నాను.

ఆ తర్వాత అయిదు నిమిషాల సంగతి రాయను. ఆ ముసలావిడ నన్ను కల్లం గట్టు మీద కూర్చోబెట్టి, తన అన్నం గిన్నెలోని మజ్జిగతో కన్ను కడిగింది. "పంతులమ్మవా? పిల్లలకేం చెబుతావమ్మా?" అని అడుగుతూనే ఉంది. ఆవిడ మధ్యాహ్నం తాగాల్సిన మజ్జిగంతా నా కంటికే ఖర్చయింది. ఏమైనా ఇద్దామని చేతిసంచి తెరిస్తే మూసేసి, నా చెయ్యి మీద ఒక్కటి తట్టింది.

ఒక కన్ను మూసుకునే వెళ్ళి కోటయ్య గారి పక్కన కూర్చున్నాను. ఆయన ఏరుతున్న ఆడవాళ్ళనే చూస్తున్నారు.

"చూశారా టీచర్ గారూ," అన్నారు. "ప్రతి కాయా చేతిలోకి తీసుకుని, చూసి, అప్పుడు పక్కన పడేస్తున్నారు."

నేను ఊరుకున్నాను. ఆయనతో మాట్లాడాలంటే ఊరుకోవాలని అప్పటికి నేర్చుకున్నాను.

"సీసం అక్షరం తిరగేసి ఉంటుందండి. అక్షరం అక్షరమే గానీ మాటలా కనబడదు. నలభై ఏళ్ళలో ఎన్ని పేజీలు పేర్చానో, దేంట్లో ఏముందని అడిగితే చెప్పలేను. నా చేతుల్లోంచి పోయిందే గానీ తలలోకి పోలేదు." కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మళ్ళీ అన్నారు, "ఆ అమ్మాయి రాసిన రెండు వాక్యాలూ నేను కోసేముందు చదవలేదు."

ఎవరితో అయినా చెప్పారా అంటే తల అడ్డంగా ఊపారు. ఈలోగా కండక్టరు కేకేశాడు.

దర్శి దాటి

దర్శిలో దిగి ఇంకో బస్సు పట్టుకుని ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రత్నం వాళ్ళమ్మ కంది పచ్చడి, గోంగూర పప్పు, చిక్కటి పెరుగు పెట్టింది. నా కన్ను చూసి నాకు మాత్రం గోంగూరలో వెన్న వేసింది. మా వైపు అతిథికి కొసరి కొసరి వడ్డిస్తూ మొహమాటపెడతాం. ఇక్కడ మొహమాటం లేదు. "తినండి, మళ్ళీ ఎప్పుడొస్తారో ఏమో" అంటూ విస్తరిలో పడేయడమే.

ఆదినారాయణ గారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బక్కపలచటి మనిషి, భుజాన తువ్వాలు. మాకు నమస్కారం పెట్టాడు గానీ మాట కలపలేదు. "ఎప్పుడు తిరుగు బస్సు?" అని ఒక్కటే అడిగాడు. రత్నం తండ్రి వైపు చూడకుండా కాగితం మీద సవరణ మళ్ళీ మళ్ళీ చదువుకుంటోంది. ఎదురింటి తలుపు ఒక రెక్క మాత్రమే తీసి ఉంది.

సరస్వతి, నేను ఆ ఎదురింటికి వెళ్ళాం. వీరరాఘవయ్య గారు మంచం మీద నుంచి లేచి కూర్చున్నారు. పెద్ద మీసాలు, నెమ్మదైన గొంతు. సాయంత్రం పాలకేంద్రం దగ్గర సవరణ చదువుతామనీ, రావాలనీ సరస్వతి అడిగింది.

"రాక ఏం చేస్తానండి. పాలు పొయ్యాలిగా" అన్నారు.

పాలకేంద్రం గోడ

పాలకేంద్రం అంటే ఒక గది, ముందు సిమెంటు అరుగు. పక్క గోడ మీద ఆ పాత కాగితం ఇంకా ఉంది. ఎండకి రంగు పోయినా ఆ ఆఖరి వాక్యం మాత్రం స్పష్టంగా కనబడుతోంది. సాయంత్రం పాలవేళకి క్యాన్లు, చెంబులు పట్టుకుని ఊరు ఊరంతా వచ్చింది. వాళ్ళలో సగం మందికి ఏం జరగబోతోందో తెలుసు, మిగతా సగం చూద్దామని ఆగారు. వీరరాఘవయ్య గారు క్యాను కిందపెట్టి వెనకగా నిలబడ్డారు. ఆయన చుట్టూ నాలుగడుగుల జాగా ఖాళీగా ఉంది. ఆదినారాయణ గారు గుంపుకి అవతలి చివర ఉన్నాడు.

రత్నం అరుగెక్కింది. కాగితం విప్పింది.

"ఆగమ్మా" అన్నారు కోటయ్య గారు. "ముందు నాది."

అరుగెక్కి జేబులోంచి మడత కాగితం తీశారు. కళ్ళజోడు సర్దుకున్నారు. ఒక్కొక్క అక్షరాన్నీ చేత్తో ఎత్తిపెడుతున్నట్టు ఆగి ఆగి చదివారు.

"నా పేరు కోటయ్య. నల్లపాడులో ఈ కాగితం చేత్తో రాసేది నేను. ఈ అమ్మాయి రాసి పంపిన వార్తలో ఆఖరి రెండు వాక్యాలు, జాగా లేదని, కింద నుంచి నేను కోశాను. కోసేముందు వాటిని చదవలేదు. చదివి ఉంటే కోసేవాణ్ణి కాదు. అందువల్ల వీరరాఘవయ్య గారికి మాట వచ్చింది. తప్పు రాసిన అమ్మాయిది కాదు. కోసిన నాది."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. సరస్వతి చెంగుతో మొహం తుడుచుకుంటోంది.

వీరరాఘవయ్య గారే వెనకనుంచి అడిగారు. "ఆ కోసేసిన రెండూ ఏంటమ్మా? అవి చదువు."

రత్నం తన మొదటి కాగితం తీసి చదివింది. కానీ ఆ రోజు వాటిని ఎవరో అరువు తీసుకెళ్ళారు, కడిగింది ఆయన మనుషులు కాదు. సంగతి తెలియగానే ఆయన తన ఇంజను పెట్టి మూడు రోజులు బావి నీళ్ళు తోడించారు. ఈసారి గొంతు ఆగలేదు.

"మూడు రోజులు కాదు" అన్నారు వీరరాఘవయ్య గారు. "రెండున్నర. మూడోరోజు మధ్యాహ్నానికి డీజిలు అయిపోయింది. రాస్తే సరిగ్గా రాయాలి."

గుంపులో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇంకో ఇద్దరికి అంటుకుంది. ఒకావిడ తన చెంబుతో జరిగి ఆయన పక్కకొచ్చి నిలబడింది. అప్పుడు అవతలి చివరనుంచి ఆదినారాయణ గారు ముందుకొచ్చాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆ రోజు స్ప్రేయర్లు తెచ్చుకున్నది నేను" అన్నాడు.

రత్నం తండ్రి వైపు తిరిగింది.

"కడిగింది మా కూలోళ్ళు. పొద్దుపోతోంది, గట్టు మీదే కడిగెయ్యమంది నేను. అన్న ఎవరికీ చెప్పలేదు. చెప్పడు గదా అని నేనూ ఊరుకున్నా. గుంటూరోడు అంత దూరం నుంచి వచ్చి తప్పు తనదంటుంటే, ఎదురింటోణ్ణి నేను ఇంకా ఎంతకాలం ఊరుకునేది."

"ఇప్పుడెందుకురా అదంతా" అన్నారు వీరరాఘవయ్య గారు.

"నువ్వుండు అన్నా." కూతురి వైపు చూశాడు. ఆ అమ్మాయి కలం ముట్టుకోకూడదని ఆయన ఎందుకన్నాడో నాకు అప్పుడు అర్థమైంది. ఆ అమ్మాయికి కూడా అప్పుడే అర్థమై ఉంటుంది. ఆమె కళ్ళ నీళ్ళు ఆపుకోవడానికి చూస్తోంది గానీ అవి ఆగడం లేదు.

"రాసుకో" అన్నాడు తండ్రి.

రత్నం చేతిలో కలం లేదు. కోటయ్య గారు తన జేబులో పెన్ను తీసిచ్చారు. ఆమె సవరణ కాగితాన్ని తిరగేసి, గోడకి ఆనించి, తండ్రి పేరు రాసింది. ఆదినారాయణ గారు దగ్గరికి వెళ్ళి, అక్షరాలు చదవగలడో లేదో గానీ, ఆ రాసిన చోటు చూశాడు.

"ఈసారి పైన రాయి" అన్నాడు. "కింద రాస్తే కోసేస్తారంట."

మళ్ళీ విజయనగరం

మర్నాడు బస్సెక్కేదాకా వీరరాఘవయ్య గారింట్లోనే తిన్నాం. జొన్నరొట్టెలు, నెయ్యి, నేను వద్దన్నా పండుమిరప పచ్చడి. ఆదినారాయణ గారు కూడా అక్కడే కూర్చుని తిన్నాడు. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. ఒకసారి, "ఆ ఇంజను వాషర్లు మార్చాలన్నా" అన్నాడాయన. "మార్చు. డీజిలు కూడా నువ్వే పొయ్యి" అన్నారీయన. ఎదురెదురు ఇళ్ళ తలుపులు రెండు రెక్కలూ తీసి ఉన్నాయి. కోటయ్య గారు మధ్యలో నాలుగుసార్లు లేచి గోడ దాకా వెళ్ళి, రాత్రి తను అంటించి వచ్చిన సవరణ కాగితం ఎదురుగా నిలబడి ఎవరు ఎలా చదువుతున్నారో చూసొచ్చారు. తను రాసింది ఒకరు చదువుతుంటే చూడటం ఆయనకి అదే మొదటిసారి.

మిగతా ప్రయాణమంతా మామూలే. గుంటూరులో నాలుగు రకాల పచ్చళ్ళు కట్టించుకున్నాను. రైల్లో ఒక సీసా మూత ఊడి నా చీరలన్నీ గోంగూర రంగుకి తిరిగాయి. మా స్టాఫ్ రూములో పచ్చడి రుచి చూసిన లెక్కల మాస్టారు ఇంకా మంచినీళ్ళు తాగుతూనే ఉన్నారు.

మొన్న పోస్టులో కొత్త కాగితం వచ్చింది. మొదటి వార్త రత్నానిది. మొదటి వాక్యం: 'మా ఊరి మంచినీళ్ళ బావి గట్టు మీద స్ప్రేయర్లు కడిగించింది మా నాన్న ఆదినారాయణ గారు, ఆ మాట ఆయనే అందరి ముందు చెప్పారు.' రెండో వాక్యంలో వీరరాఘవయ్య గారు, ఆయన ఇంజను, రెండున్నర రోజులు. మా పిల్లలకి ఈ వార్త చదివి వినిపించాను. ఉపసంహారం లేదేమిటి టీచర్ అని ఒకమ్మాయి అడిగింది. ఉండనవసరం లేదని చెప్పాను. ఇరవై ఏళ్ళలో ఆ మాట నా నోటంట రావడం అదే మొదలు.

వార్త కింద రెండు వాక్యాలు పట్టేంత జాగా కోటయ్య గారు ఖాళీగా వదిలారు.